చుగ్లం చెట్టు ఇంటిపేరు

మొన్న ఆదివారం అబర్డీన్ బజార్ వెనకున్న చిన్న హాల్లో మాకు ఇంగ్లీషు మాటలు నేర్పిన దీదీకి సంతాప సభ పెట్టారు. పదకొండు మంది మాట్లాడారు. నన్ను పిలవలేదు. ముందు వరసలోనే కూర్చున్నాను, కనపడలేదనడానికి వీల్లేదు. సభ నడిపించినాయన నన్ను చూసి తల కూడా ఊపాడు. అయిపోయాక వెళ్ళి అడిగితే, "టైమ్ లేదక్కా, పక్క ద్వీపాలకి బోటు పట్టుకోవాల్సిన వాళ్ళున్నారు" అన్నాడు. బోటు పట్టుకోవాల్సిన వాళ్ళు ఆ తర్వాత అరగంట సేపు మెట్ల మీద నిలబడి సమోసాలు తిన్నారు. అందుకని అక్కడ చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మాట్లాడిన వాళ్ళందరిదీ ఒకటే పాట. సహనానికి మారుపేరట. కన్నతల్లిలా చూసుకునేదట. ఒకాయన మధ్యలో ఆపి మంచినీళ్ళు అడిగాడు. వింటుంటే పొరపాటున వేరేవాళ్ళ సభకి వచ్చానేమో అనిపించింది. దీదీకి సహనం లేదు. ప్రేమ ఉంటే ఉండొచ్చు, బయటికి తీయగా నేను చూడలేదు. మూడేళ్ళపాటు వారానికి ఆరు రోజులు ఆవిడ వరండాలో కూర్చున్నదాన్ని. నన్ను ఏ రోజు ఏమన్నదో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆవిడ అటవీ శాఖ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయింది. డెలానీపూర్లో రెండు గదుల అద్దె ఇల్లు, ముందు వరండా, వరండా ముందు ఓ దేవగన్నేరు. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే వాళ్ళకి అక్కడ ఇంగ్లీషు మాటలు నేర్పేది. మాటలు మాత్రమే. గ్రామర్ అడిగితే, "దానికి బజార్లో బోల్డుమంది ఉన్నారు, జావో" అనేది. క్లాసు పొద్దున్న ఐదున్నరకి. మా ద్వీపాల్లో సూర్యుడు ఐదింటికే వచ్చి కూర్చుంటాడు, గడియారం మాత్రం ఢిల్లీది. ఆవిడకి గడియారం కంటే సూర్యుడి మీదే గౌరవం. నేను మిన్నీ బే నుంచి రావాలి. ఆ వేళకి బస్సు ఉండదు, నడక. ఐదు నిమిషాలు ఆలస్యమైతే, "మేడమ్ వచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అనేది. కుర్చీ ఎవరూ వేసేవాళ్ళు కారు. అందరికీ చాప, నాకు బట్టలుతికే రాయి పక్కన చోటు. పైన కుళాయి కారుతూ ఉండేది. ఆ చోటు మారుస్తానని ఆవిడ మూడేళ్ళలో రెండుసార్లు మాటిచ్చింది.

నేనక్కడికి ఎందుకెళ్ళానో చెప్పాలి. బజార్లో మాకు వలలు, తాళ్ళు, గాలాలు అమ్మే దుకాణం ఉంది. నాన్న పోయాక అది అన్నయ్య చేతికొచ్చింది. నేను వెనకాల తాళ్ళు కొలిచి కోసే దగ్గర నిలబడాలి. "ఉద్యోగం వచ్చేదాకా సరదాగా వచ్చి కూర్చో" అన్నాడు అన్నయ్య. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి దుకాణం మూసేదాకా నైలాన్ తాడు కొలవడంలో ఏం సరదా ఉందో ఆయన ఇంతవరకూ చెప్పలేదు. గుమాస్తా ఉద్యోగాల పరీక్ష ఒకసారి రాశాను, ఇంగ్లీషు పేపర్లో పోయింది. దీదీ దగ్గర చేరి రెండోసారి రాశాను. మళ్ళీ అందులోనే పోయింది. మూడోసారి రాసేనాటికి వయసు పరిమితికి నెలలు మిగిలాయి. ఈసారి పోతే ఇక జీవితమంతా అన్నయ్య చెప్పినన్ని మీటర్లు కొలవడమే.

రెండోసారి తప్పిన రోజు వెళ్ళి చెబితే దీదీ ఏమందో కూడా చెప్తాను. "నా దగ్గర చదివి తప్పావని బజార్లో ఎవరికీ చెప్పకే" అంది.

ఆవిడకి లాటిన్ ఎవరూ నేర్పలేదు. చెట్లు నేర్పాయి. ఉద్యోగంలో చేరిన వారమే చేత్తో రాసిన చెట్ల జాబితా ఒకటి ఇచ్చి టైపు చెయ్యమన్నారట. అన్నీ లాటిన్ పేర్లు. ఒక చోట మూడు వరసలు ఒకే మాటతో మొదలవుతున్నాయి. టెర్మినాలియా బైఅలాటా, టెర్మినాలియా ప్రొసెరా, టెర్మినాలియా కటప్పా. హెడ్ క్లర్కు ఉత్తరాది మనిషి. పొరపాటున ఒకే మాట మూడుసార్లు రాశారేమో, రెండు కొట్టెయ్యమన్నాడట. ఈవిడ ఒప్పుకోలేదు.

"నాకు చూడగానే తెలిసిపోయింది. మనలాగే. ముందు ఇంటిపేరు, ఎనకాల పేరు. ముగ్గురూ టెర్మినాలియా వారి పిల్లలు" అని మాకు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు నవ్వేది.

అక్కణ్ణుంచి మొదలైంది. ఆ ఇంటిపేరుకి అర్థం ఏమిటని పెద్ద ఆఫీసర్ని అడిగిందట. కొమ్మ చివర ఆకులు గుత్తిగా ఉంటాయి కాబట్టి ఆ పేరు, లాటిన్లో టెర్మినస్ అంటే చివర అని ఆయన చెప్పాడు. ఆవిడ భోజనాల వేళ ఆఫీసు డిక్షనరీ ముందేసుకుని ఆ ఇంటివాళ్ళందర్నీ వెతికింది.

"బస్సు ఆఖరి స్టాపు టెర్మినస్. మనిషికి ఆఖరి జబ్బు టెర్మినల్. మంత్రిగారి ఉపన్యాసం ఉంది కదా, ఎంతకీ చివర రాదు, అది ఇంటర్మినబుల్. మూలమట్టంగా లేకుండా చేసేస్తే ఎక్స్‌టర్మినేట్. అంతా ఒకే ఇల్లు. మాట కొత్తదని భయపడకండి, ఇల్లు పట్టుకోండి. ఇల్లు తెలిస్తే పిల్లెవరో అదే తెలుస్తుంది."

ముందు తగిలే ఇన్, ఎక్స్, డి లాంటివి ఆవిడ లెక్కలో అల్లుళ్ళు. ఏ ఇంటికైనా వస్తారు, వచ్చాక ఇంటి తీరే మార్చేస్తారు. ప్రొసెరా అంటే పొడుగు. ఇంగ్లీషులో దానికి చెప్పుకోదగ్గ మాటలు పుట్టలేదు. "పాపం, పిల్లల్లేరు" అని ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగేది. మాటల మీద చూపించిన ఆ జాలి మనుషుల మీద చూపించి ఉంటే సభలో వాళ్ళన్నది నిజమయ్యేది.

క్లాసులో 'తెలీదు' అనకూడదు. తప్పు చెప్పొచ్చు, ఎంత ఘోరమైన తప్పయినా చెప్పొచ్చు, ముందు ఊహించాలి. తెలీదన్నవాళ్ళు లేచి దేవగన్నేరుకి నీళ్ళు పొయ్యాలి.

"బైఅలాటా. ఏటిది?"

"తెలీదు దీదీ."

"పొయ్యి."

నీళ్ళు పోసి వచ్చి కూర్చున్నాక మళ్ళీ నన్నే అడిగేది.

"బై అంటే?"

"తె... రెండా?"

"పుట్టినప్పట్నుంచీ బైసికిల్ తొక్కుతున్నావు, రెండా అని నన్నడుగుతావేటి. లాటిన్లో 'అలా' అంటే రెక్క. అదే మన చుగ్లం చెట్టు, దాని కాయ చూశావా ఎప్పుడైనా? రెండు రెక్కలుంటాయి. ఇప్పుడు చెప్పు, ఇంటిపేరేటి, పేరేటి?"

"ఇంటిపేరు టెర్మినాలియా. పేరు రెండు రెక్కలది."

"చూశావా, ఉంది నీక్కూడా దిమాగ్. వాడవంతే."

ఆవిడ మెచ్చుకోవడం అంటే అదీ.

ఆ దేవగన్నేరు నా చేతి నీళ్ళతోనే అంత ఎత్తయింది. పూలు మాత్రం ఎప్పుడూ నాకివ్వలేదు.

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు కదులుతూనే ఉండేవి. మోకాలి మీద, చాప మీద, పుస్తకం అట్ట మీద, నోటితో అంటున్న మాటనే వేళ్ళు టైపు కొట్టేవి. వాక్యం పూర్తవగానే ఎడమచేత్తో గాలిని కుడివైపుకి ఒక్క తోపు. పాత టైపు మిషన్లో వరస అయిపోతే కాగితం ఉన్న బండిని అలాగే తోసేవారట. మిషన్ పోయింది, చేయి మానలేదు. ఆ చేతికి అడ్డంగా ఏముందో చూసుకునేది కాదు. ఒకరోజు పాలు పొయ్యని లాల్ చాయ్ గ్లాసు ఉంది. చాయ్ అంతా నా నోట్సు మీద, ఆరు నెలల మాటల మీద పడింది. నేను నోరెళ్ళబెట్టాను. "అక్కడెవరు పెట్టమన్నారు నోట్సు?" అంది. అక్కడ పెట్టమన్నది ఆవిడే.

ఆవిడ దగ్గరొక పద్ధతి ఉండేది. పరీక్షకి ఆర్నెల్ల ముందు ఒక్కొక్కళ్ళకి ఒక్కో చెట్టు ఇచ్చేది. ఆ చెట్టు పేరులోని మాటల ఇళ్ళు మొత్తం వాళ్ళ బాధ్యత. ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఒకతనికి టేకు ఇచ్చింది, అందులో గ్రాండిస్ ఉంది, అంటే గొప్ప. గ్రాండ్, గ్రాండియర్, ఎగ్రాండైజ్, గ్రాండిలోక్వెంట్, ఏది చూసినా రాజుల ఇల్లులా ఉంటుంది. నా పక్క కూర్చునే జ్యోతికి చుగ్లం ఇచ్చింది. నా వంతు వచ్చింది. నేను పడౌక్ వస్తుందనుకున్నాను. ద్వీపాల్లో దానికంటే మంచి కలప లేదు, పైగా అందరికంటే ముందు చేరినదాన్ని నేనే.

"నీకు తిట్‌పోక్" అంది.

తిట్‌పోక్ మెత్త కర్ర. సామాను పెట్టెలు కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. లాటిన్లో దాని పేరు టెట్రామెలిస్ న్యూడిఫ్లోరా. న్యూడి అంటే నగ్నంగా. క్లాసులో నలుగురు మగపిల్లలు. వాళ్ళు పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను లేచి నిలబడి, నాకీ చెట్టు వద్దన్నాను.

"ఎందుకొద్దు?"

"అందరికీ మంచివిచ్చి నాకిదా?"

"అది ఎప్పుడు పూస్తుందో తెలుసా నీకు? ఆకులన్నీ రాల్చీసి, ఉత్త కొమ్మల మీద పూస్తుంది. దాచుకోడానికి ఒక్క ఆకుండదు. అలా పూయడానికి ధైర్యం ఉండాలి. కూర్చో."

నాకు ధైర్యం అక్కర్లేదు, పడౌక్ కావాలి. అదే అన్నాను. నీళ్ళు పోసి రమ్మంది. తెలీదు అనకపోయినా నీళ్ళు పోయించడం అదొక్కసారే. ఆర్నెల్లూ న్యూడ్, డిన్యూడ్, ఫ్లోరా, ఫ్లోరిడ్, ఫ్లరిష్ అని వల్లెవేశాను. పరీక్షలో వాటిలో ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇంటర్మినబుల్, జ్యోతి ఇంట్లోది. పక్కన కూర్చుని విన్నందుకు రాసేశాను. ఇంకో పది మాటలు ఎన్నడూ విననివి. తెలీదని వదిలెయ్యబోయి, అలవాటుకొద్దీ ఒక్కొక్కదాని ఇల్లు వెతుక్కుంటూ ఊహించాను. నీళ్ళు పోసి పోసి వచ్చిన అలవాటది. ఏడు సరిపోయాయి.

పాసయ్యాను. జాబితాలో నా నంబరు చూసి దీదీ దగ్గరికి పరిగెత్తాను. "పది మాటల్లో ఏడు సరిపోయాయి దీదీ" అన్నాను. "మూడు ఏటి తప్పావు?" అంది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. సర్టిఫికెట్లు చూపించడానికి రమ్మని కబురొచ్చింది. సోమవారం వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ఉత్తరాది ఆయన, మర్యాదస్తుడు, కాగితాలు నెమ్మదిగా తిప్పుతాడు. నా టెన్త్ సర్టిఫికెట్ మీద మైలపల్లి సుగుణ అని ఉంది. మైలపల్లి మా ఇంటిపేరు. ఇక్కడివాళ్ళమని చూపించే ఐలాండర్ కార్డు మీద సుగుణ రావు అని ఉంది. ఆ కార్డు రాసిన గుమాస్తా హిందీ మనిషి. నాన్న పేరు అప్పారావు కాబట్టి రావు మా వంశం పేరనుకుని నాకూ తగిలించాడు. పన్నెండేళ్ళ వయసులో నాకది గొప్పగానే అనిపించింది.

ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వేలితో చూపించాడు. "ఈవిడ ఫస్ట్ నేమ్ మైలపల్లి. ఈవిడ ఫస్ట్ నేమ్ సుగుణ. ఈవిడ సర్‌నేమ్ సుగుణ. ఈవిడది రావు. ఇద్దరిలో మీరెవరు?" అన్నాడు హిందీలో.

"ఇద్దరూ నేనే సార్."

"అక్షరం తేడా అయితే అఫిడవిట్‌తో సరిపెడతాను. ఇది పేరే వేరు. గెజిట్‌లో వేయించుకు రండి."

గెజిట్‌లో పడాలంటే రెండు నెలలు. నాకున్న గడువు శుక్రవారం దాకా. శుక్రవారం దాటితే వెయిటింగ్ లిస్టులో తర్వాతి మనిషిని పిలుస్తారు. వయసు దాటిపోతుంది కాబట్టి నాకు ఇంకో పరీక్ష లేదు. ఇంటికెళ్తే అన్నయ్య, "పోన్లే, కొత్త తాళ్ళు దిగాయి, రేపట్నుంచి పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు. ఓదార్చడం ఆయనకి అలాగే వచ్చు.

ఆ రాత్రి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఇంగ్లీషులో. మూడేళ్ళలో నేర్చుకున్న మాటలన్నీ దింపేశాను. నా నిరీక్షణ ఇంటర్మినబుల్ అన్నాను. నా హక్కుల్ని డిన్యూడ్ చేశారు, అంటే ఒలిచేశారన్నాను. కార్డు రాసిన గుమాస్తా వంశాన్ని కూడా కొంచెం కదిపాను. మంగళవారం పట్టుకెళ్ళి ఇస్తే ఆఫీసరు మొత్తం చదివి, "ఇంగ్లీష్ బహుత్ అచ్ఛీ హై" అని, ముద్ర వేసి, గెజిట్ కాగితం ఎప్పుడు తెస్తారని అడిగాడు.

ఫిర్యాదు నకలు పట్టుకుని దీదీ దగ్గరికెళ్ళాను. ఆవిడ చదువుతుంటే వేళ్ళు కదిలాయి. మూడో పేజీ చివర చేయి గాలిని తోసింది.

"మాటలన్నీ కరెక్టే. ఉద్యోగం రాదు" అంది.

"మీరే కదా నేర్పారు ఈ మాటలు."

"చదివి అర్థం చేసుకోడానికి నేర్పాను, ఆఫీసర్ని కొట్టడానికి కాదు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో కూర్చున్నాను. నీకు అన్యాయం జరిగిందని రాస్తే ఎవడూ కదలడు. ఇదివరకు ఒకరికి ఇలాగే చేశారు అని చూపించు, కదులుతాడు. ప్రెసిడెంట్ కావాలి వాళ్ళకి."

రాష్ట్రపతి కాదు, ప్రిసిడెంట్, అంటే ముందు జరిగిన ఉదాహరణ. ముందు నడిచినది అని లాటిన్. అంత గొడవలోనూ ఆ మాట ఏ ఇంటిదో నాచేత చెప్పించింది. తర్వాత లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చింది. ఏముందని అడిగితే చెప్పలేదు.

బుధవారం ఇద్దరం వెళ్ళాం. దీదీ ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆఫీసరు కూర్చోమన్నాడు. ఈవిడ కూర్చోకుండా కిటికీలోంచి బయటికి చూపించింది. ఆవరణలో పడౌక్ చెట్టుంది, దానికి రేకు మీద పేరు రాసి కొట్టారు.

"సాబ్, ఆ చెట్టు పేరేమిటి?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని రేకు చదివాడు. "టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్."

"అందులో ఇంటిపేరు ఏది?"

ఆయన కాలేజీలో బోటనీ చదివాడట. కొంచెం ఆలోచించి, "మొదటిది. జీనస్ ముందొస్తుంది" అన్నాడు.

"మా తెలుగువాళ్ళదీ చెట్ల పద్ధతే సాబ్. ఇంటిపేరు ముందు. ఈ పిల్ల మైలపల్లి వారింటి సుగుణ. రావు అన్నది మీ ఆఫీసుల్లో ఎవరో అంటుగట్టారు."

ఆయన నవ్వాడు. నవ్వి, "పడౌక్‌కి గెజిట్ అక్కర్లేదు మేడమ్. ఈ అమ్మాయికి కావాలి. నేను దేన్ని చూపించి సంతకం పెట్టను?" అన్నాడు.

అప్పుడు దీదీ కవరు తీసింది. ఒకే ఒక్క కాగితం, మడతల దగ్గర వెనక టేపు అంటించి ఉంది. ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఇది మీదేనా?" అన్నాడు. ఆవిడ తలూపింది. తనకి పింఛను ఇచ్చేటప్పుడు ఇదే చిక్కు వచ్చిందనీ, రెండేళ్ళు తిప్పాక ఇంటిపేరు ముందు రాయడం తెలుగువాళ్ళ ఆచారమనీ, రెండు పేర్లూ ఒకే మనిషివనీ పైనుంచి రాసిచ్చారనీ చెప్పింది. దాని మీద నంబరుంది, గుండ్రటి ముద్ర ఉంది. ఆఫీసరు వేలు ఆ ముద్ర మీద ఆగింది. నా మూడు పేజీల మీద ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

"కాపీ తీయించి ఫైల్లో పెట్టండి. కానీ ఈ అమ్మాయి కూడా ఒకే మనిషని ఎవరో ఒకరు సాక్ష్యం సంతకం పెట్టాలి. రేపు తేడా వస్తే వాళ్ళ మీదికి వస్తుంది. ఈ పిల్ల నిజమే చెప్తోందని మీకు నమ్మకమా?"

"సాబ్, అబద్ధం అల్లాలంటే ముందు ఊహ ఉండాలి. మూడేళ్ళుగా దీని ఊహలు వింటున్నాను. అబద్ధం దీని వల్ల కాదు."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు.

నేను నోరు తెరిచేలోపు దీదీ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "జెరాక్స్ తియ్యించి తే" అంది. మిషన్ వరండా చివర ఉంది. అక్కడ నా ముందు ఇద్దరున్నారు. నిలబడి ఆ కాగితం చదివాను. సర్వీసు పుస్తకంలో ఫలానా పేరుతో ఉన్న టైపిస్టూ, సర్టిఫికెట్లో ఫలానా పేరుతో ఉన్న మనిషీ ఒక్కరే అని రాసుంది. ఆవిడని ఆఫీసువాళ్ళు, బజారువాళ్ళు, మేము, అందరం ఒక పేరుకి దీదీ తగిలించి పిలిచేవాళ్ళం. వినడానికి ఆడపేరులాగే ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అది ఆవిడ ఇంటిపేరు. చేరిన రోజు హాజరు పట్టీ రాసినవాడు సర్టిఫికెట్లో మొదటి మాట చూసి ఎక్కించుకున్నాడు. అసలు పేరు దాని వెనకాల ఉంది. మూడక్షరాలు. ఆ పేరు నేనెప్పుడూ ఎవరి నోటా వినలేదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ సాక్షి సంతకం పెడుతోంది. పూర్తి పేరు రాసింది, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి. ఆఫీసరు కింద తన సంతకం పెట్టి, సోమవారం వచ్చి చేరమన్నాడు.

బయట బస్టాపులో నిలబడ్డాం. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఉద్యోగం వచ్చిందన్న సంగతి నాలోకి ఇంకా దిగలేదు, ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

"అంత పెద్ద ఆఫీసరు ముందు నాకు ఊహ లేదన్నారు."

"లేదంటేనే కదా పెన్ను తీశాడు."

"ఇంకోలా చెప్పొచ్చు కదా. మంచి పిల్ల, నాకు బాగా తెలుసు అనొచ్చు."

"అలా అందరూ అంటారే. ఆయన రోజూ వింటాడు."

ఆవిడ కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని చూపించి అడిగాను.

"దీదీ, ఆ కాగితం మీద ఉన్నది మీ పేరా?"

"నాది కాకపోతే పడౌక్‌దా?"

"మరి ఇన్నేళ్ళూ అందరం పిలిచింది?"

"ఇంటిపేరు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చేరిన రోజు చెప్పాను. హెడ్ క్లర్కు, 'పట్టీలో రాసేశాను, ఇప్పుడు కొట్టివేత కుదరదు' అన్నాడు. ఆ తర్వాత ఎవరడిగారు?"

వేళ్ళు కదల్లేదు. చేయి గాలిని తొయ్యలేదు. మామూలుగా, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. మూడేళ్ళు. నాకు జరిగినవన్నీ వరసపెట్టి గుర్తుంచుకున్నదాన్ని, ఆవిడ పేరేమిటని ఒక్కరోజూ అడగలేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆ ఇంటిపేరుతోనే ఎన్నిసార్లు కేకేశానో.

"ఇప్పట్నుంచి ఆ పేరుతో పిలవనా?" అన్నాను.

"ఇప్పుడేటి? బస్సొస్తోంది, చెయ్యెత్తు."

ఎత్తాను. బస్సు ఆగింది. కాగితాలు తడవకుండా పమిట కింద పెట్టుకుని నేను ఎక్కేసరికి, కిటికీ పక్క సీట్లో ఆవిడ కూర్చుని ఉంది.